టచప్ మాస్టారి గెలాక్సీ

ఆ వీధిలో ఫోటో స్టూడియో ఆయన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన టచప్ మాస్టారు. ఎలాంటి మొహాన్నయినా తీసుకెళ్ళి ఆయన ముందు కూర్చోబెట్టండి, మర్నాటికి అది కోడిగుడ్డులా నున్నగా తయారయ్యేది. పులిపిర్లు పోయేవి, మొటిమలు పోయేవి, చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డప్పటి గాటు పోయేది. ఒక్కోసారి అసలు మనిషే పోయేవాడు, కానీ దానికి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తమను తాము పోగొట్టుకోవడానికి జనం ఆయన గుమ్మం ముందు వరస కట్టేవారు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళను, మీకు బాగా నచ్చిన పాత ఫోటో ఒకటి పట్టుకురండి అనేవారు. దాన్ని కంప్యూటరు తెర మీద ఎడమపక్కన పెట్టుకునేవారు. కుడిపక్కన కొత్తది. కొత్తదాంట్లో ఉండి పాతదాంట్లో లేనిది ఏదైనా సరే, అది దోషం. దోషాన్ని తీసేయాలి. అంతే సూత్రం. ఈ సూత్రంతో ఆయన ఎందరి వయసునో వెనక్కి తిప్పారు, ఒక్కరి బతుకునూ తిప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

రెండో పద్ధతి ఇంకా గట్టిది. దిద్దడం పూర్తయిందంటే దిద్దని ఫోటో చచ్చినా ఉంచకూడదు. ఒకప్పుడు ఒక ప్లీడరు గారు పొరపాటున తన దిద్దని ఫోటో చూసుకుని, ఇది నేను కాదు, ఎవడినో తీశావు అని బల్ల మీద గుద్ది పెద్ద రభస చేశాడు. ఆ రోజు నుంచి స్టూడియోలో ముడి ఫోటో అన్నది మిగలలేదు. దిద్దిన వెంటనే చెరిపేయడమే. పెళ్ళాం బిడ్డల ఫోటోలకు కూడా ఇదే రూలు.

బిడ్డ అంటే ఒక్కతే కూతురు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ సామెత పుట్టించినవాడు టచప్ మాస్టారిని చూసి ఉండడు.

ఆ పిల్లకు పుట్టుకతోనే ఎడమ కనుబొమ నుంచి దవడ దాకా నేరేడుపండు రంగు మచ్చ ఉంది. ప్రమాదం ఏమీ లేదు, కానీ పోదు అని డాక్టరు చెప్పాడు. పోకపోవడమేమిటి, నా చేతిలో పోనిది ఏముంది అనుకున్నారు మాస్టారు. పొత్తిళ్ళలో ఉన్న పిల్లకు తీసిన మొట్టమొదటి ఫోటోలోనే మచ్చను తుడిచేశారు. అప్పటి నుంచి ఏటా ఒక ఫోటో, ఏటా ఒక తుడుపు. హాల్లో గోడ నిండా నున్నటి పిల్ల పాకింది, నడిచింది, జడలు వేసుకుంది. మచ్చ ఉన్న పిల్ల ఆ గోడ కింద చాప మీద కూర్చుని హోమ్‌వర్కు చేసుకుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు గోడకేసి చూపించి, ఈ పెద్దమ్మాయి ఎక్కడుంది, చదువుకి ఎక్కడికైనా పంపారా అని అడిగేవారు. తల్లి నవ్వేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ రోజూ ఆ ఫోటోల మీద దుమ్ము తుడిచేది. మంచిదే ఆవిడ, కానీ మొగుడి మాటకు ఎదురు చెప్పడం ఆవిడకు చేతకాదు. ఆ ఫోటోలంటే ఆవిడకూ ఇష్టమేనని కూడా చెప్పుకోవాలి.

స్టూడియో పైన బోర్డు మీద ఉన్నది కూడా ఆ నున్నటి పిల్లే. చేతిలో పువ్వు పట్టుకుని, వీధి మొత్తాన్ని చూసి నవ్వుతూ ఉంటుంది.

స్కూలు చివరి పరీక్షలు వచ్చాయి. హాల్‌టికెట్ మీద ఫోటో ఉండాలి. ఊళ్ళో స్కూళ్ళన్నిటికీ ఫోటోలు తీసే పని మాస్టారిదే కాబట్టి సొంత కూతురి ఫోటో కూడా ఆయనే తీశారు. తీసి, అలవాటు ప్రకారం దిద్దారు. పరీక్ష రోజు గుమ్మం దగ్గర పంతులమ్మ కార్డు చూసింది, పిల్లను చూసింది, మళ్ళీ కార్డు చూసింది. ఒకరి బదులు ఒకరు పరీక్ష రాసే రోజులవి. మొహం మీద అదేమిటి, కడుక్కుని రా అంది. పిల్ల కుళాయి దగ్గరికి వెళ్ళి కడుక్కుని వచ్చింది. సరిగ్గా కడుక్కో అంది. పిల్ల చేతిరుమాలు తడిపి, చర్మం మండేదాకా రుద్దింది. మచ్చ ఇంకా ఎర్రబడింది. లోపల గంట కొట్టారు.

మాస్టారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చేసరికి పిల్ల పరీక్షల అధికారి గదిలో, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నాన్నను చూడగానే దాని మొహం వెలిగింది. ఆ వెలుగు గురించి చెప్పకుండా ఉంటేనే బాగుండేది, కానీ చెప్పాలి.

అధికారి మంచివాడే. పిల్ల మీ పిల్లేనా, ఫోటో మీరు దిద్దారా అని అడిగాడు. దిద్దానని ఒక్క ముక్క రాసివ్వండి, ఇప్పుడే లోపలికి పంపించేస్తాను అన్నాడు. మాస్టారు లెక్క వేసుకున్నారు. హాల్‌టికెట్ ఫోటో దిద్దడం తప్పు. ఆ సంగతి కాగితం మీద పడితే ఒక్క స్కూలు కూడా మళ్ళీ ఆయన గుమ్మం తొక్కదు. ఆయన కూతురి వైపు చూశారు. తర్వాత కార్డు వైపు చూశారు. తర్వాత ఇంకెటూ చూడకుండా చెప్పారు.

"ఫోటోలో ఏముందో అదే ఉందండీ. ఫోటోలో లేనిదేదీ లేదు."

మరి ఈ మచ్చ అని అధికారి అడిగితే, ఏదో పడక నిన్నా మొన్నా కందింది, తగ్గిపోతుందన్నారు. అయితే ఆ మాట డాక్టరు చేత రాయించుకు రమ్మన్నాడు అధికారి. పుట్టుమచ్చను దద్దురని ఏ డాక్టరు రాస్తాడు? తండ్రీ కూతుళ్ళు రిక్షాలో ఇంటికి వచ్చేశారు. దారిలో పిల్ల ఏడవలేదు. మాస్టారే, పోన్లే, వచ్చే ఏడు రాద్దువుగాని అన్నారు. వచ్చే ఏడు రాలేదు. స్కూలు మొహం మళ్ళీ చూడనంది పిల్ల. చూడకపోతే మానెయ్, స్టూడియోలో పనికి వస్తావు అన్నారాయన. కౌంటరు దగ్గర కూర్చుంటే గిరాకీ బెదురుతుందని వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తండ్రి తీసిన మొహాల మీద మచ్చలు తుడిచే పని కూతురిదైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఆ పిల్ల అలా ఆ గదిలోనే పెద్దదైంది.

కాలం మారింది. ఫోన్లే మొహాలను నున్నగా తీయడం నేర్చుకున్నాయి. జనం తమను తాము ఊరికే పోగొట్టుకుంటున్నప్పుడు మాస్టారితో పనేముంది? స్టూడియోలో ఈగలు తోలుకోవడం మొదలైంది. ఆ రోజుల్లోనే, ఊరు వదిలి వెళ్ళిపోతున్న రైల్వే ఉద్యోగి ఒకాయన పాత టెలిస్కోపు అమ్ముతున్నాడని తెలిసి, ఏం బుద్ధి పుట్టిందో, మాస్టారు దాన్ని తెచ్చి డాబా మీద పెట్టుకున్నారు.

అది న్యూటోనియన్ రిఫ్లెక్టర్. చూడ్డానికి నీళ్ళ పైపులా బండగా ఉంటుంది. అడుగున అన్నం పళ్ళెమంత గుండ్రటి అద్దం, మధ్యలో లోతు ఉన్నది. ఆకాశం నుంచి వచ్చిన వెలుగు ఆ అద్దం మీద పడి వెనక్కి ఎగిరి, గొట్టం మూతి దగ్గర ఏటవాలుగా ఉన్న చిన్న అద్దానికి తగిలి, పక్కన ఉన్న కంతలోంచి బయటికి వస్తుంది. ఆ కంతకు కన్ను ఆనిస్తే చూడొచ్చు, కెమెరా బిగిస్తే ఫోటో తీయొచ్చు. చిన్న అద్దాన్ని నాలుగు సన్నటి రేకులు పట్టుకుని ఉంటాయి. వాటి మూలాన ఈ టెలిస్కోపుతో తీసిన ఫోటోల్లో బాగా మెరిసే నక్షత్రాలకు నాలుగు ముళ్ళు మొలుస్తాయి. ఆ నాలుగు ముళ్ళే దీని చేవ్రాలు.

అమ్మినాయన పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. అద్దం మీద దుమ్ము పడితే పడనివ్వండి, అది వెలుగునేమీ తినదు, తుడిచారో అద్దం పాడవుతుంది అన్నాడు. ఎవరికి చెప్తున్నాడు? మాస్టారు వారం తిరగకుండా దూది తీసుకుని అద్దాన్ని మెరిసేలా తుడిచారు. పూతంతా వెంట్రుకల్లాంటి గీతలు పడింది. అప్పటి నుంచి ఆ అద్దంలో నక్షత్రాల చుట్టూ సన్నగా పొగ కనిపించేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

ఆ ఊళ్ళో ఆకాశం చూసేవాళ్ళకు ఒక క్లబ్బు ఉండేది. దానికి పెద్ద, పళ్ళ డాక్టరు గారు. ఆయన దగ్గర మెరిసిపోయే ఖరీదైన టెలిస్కోపు, దానికన్నా పదునైన నాలుక ఉండేవి. క్లబ్బు ఏడాదికోసారి సభ్యుల ఫోటోలతో ప్రదర్శన పెట్టేది. మొదటి ఏడు మాస్టారు ఒక ఫోటో పట్టుకెళ్ళారు. అందులో కెమెరా చిప్పు మీద దుమ్ము నీడలు గారెల్లా గుండ్రంగా పడ్డాయి, వేడికి పుట్టిన తప్పుడు చుక్కలు ఎర్రగా, ఆకుపచ్చగా చెల్లాచెదురుగా ఉన్నాయి. కొత్తవాళ్ళందరికీ జరిగేదే. డాక్టరు గారు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, చుట్టూ జనం పోగయ్యాక, తాపీగా అన్నారు.

"ఏం మాస్టారూ, ఆకాశానికి ఆటలమ్మ పోసిందా? ఊళ్ళో మొహాలన్నీ దిద్దుతారు, దీన్నిలా వదిలేశారేం?"

హాలంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు, నవ్వక ఏం చేస్తారు? ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా ఆయన మొహానికి అతుక్కునే ఉంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, వచ్చే ఏడు ఒక్క మచ్చ ఉంటే నా పేరు మార్చుకుంటానన్నారు. పేరు ఎవరికి గుర్తుంది కనక మార్చుకోవడానికి, అనుకుని ఉంటుంది అమ్మాయి. పైకి అనలేదు. కానీ ఆయన కోరిక మాత్రం నిజమైనది, దాన్ని వెక్కిరించడానికి నాకూ మనసొప్పదు. ఊరు మరిచిపోతున్న మనిషి ఆయన. ఆకాశం ఫోటోలు తీసేది ఈయనే అని ఒక్కసారి, నలుగురిలో, తన పేరుతో చెప్పించుకోవాలని ఉంది ఆయనకు. ఆ గోడ మీద తన పేరు ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఏడాదంతా దానికే పని చేశారు. పెద్ద గెలాక్సీ ఒకటి ఎంచుకున్నారు, రెక్కలు విప్పిన చక్రంలాంటిది. చంద్రుడు లేని రోజులు చూసుకుని, పొద్దువాలగానే టెలిస్కోపును డాబా మీదికి తెచ్చి, అద్దం చల్లబడేదాకా ఆగేవారు. అద్దం వేడిగా ఉంటే బొమ్మ సలసలా కాగుతున్నట్టు కదులుతుంది. తర్వాత రెండు అద్దాలూ ఒకదానికొకటి సూటిగా ఉన్నాయో లేదో మరలు తిప్పి చూసేవారు. కింద మరలు ఆయన తిప్పితే, పైన మూతి దగ్గర తల పెట్టి, ఇంకొంచెం, చాలు, ఎక్కువైంది అని చెప్పేది అమ్మాయి. చీకట్లో కాబట్టి ఆవిడ డాబా మీదికి రావడానికి ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు.

గెలాక్సీని ఒక్క ఫోటోలో పట్టడం కుదరదు. చిన్న చిన్న ఫోటోలు లెక్కలేనన్ని తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. గాలి వీస్తే ఆ గొట్టం తెరచాపలా ఊగుతుంది, ఆ ఫోటోలు పారేయాలి. మంచు పడితే చిన్న అద్దం చెమ్మగిల్లుతుంది, ఆ ఫోటోలూ పారేయాలి. మిగిలినవాటిలో ఒక్కోదానికీ టెలిస్కోపును రవ్వంత పక్కకు జరుపుతూ తీయాలి. అప్పుడు నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కెమెరా లోపాలు తలో చోటా పడి, తేలిపోతాయి. నక్షత్రం మాత్రం నిలబడుతుంది. ఈ పేర్చే పనంతా అమ్మాయిదే. ఆవిడకు ఆ పని ఇష్టం. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఇష్టపడ్డ మొదటి పని అది. ఆ వెనక గదిలో, నల్లటి తెర మీద కొంచెం కొంచెంగా గెలాక్సీ తేలి వస్తుంటే ఆవిడ టీ చల్లారిపోయేది.

ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు బొమ్మ పూర్తయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తండ్రీ కూతుళ్ళు తెర ముందు కూర్చున్నారు. మాస్టారు అలవాటు ప్రకారం ఎడమపక్కన నమూనా పెట్టుకున్నారు. పుస్తకంలోంచి తీసిన అదే గెలాక్సీ ఫోటో, ఎప్పుడో పెద్ద టెలిస్కోపుతో ఎవరో తీసింది. కుడిపక్కన తమది. ఒక్కో నక్షత్రాన్నీ అటూ ఇటూ పోల్చుకుంటూ, అటు లేని మరకల్ని ఇటు తుడుచుకుంటూ వస్తున్నారు. గెలాక్సీ రెక్క చివర ఒక చుక్క దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పుస్తకంలో అక్కడ ఏమీ లేదు.

"దాన్ని తీయకండి నాన్నా," అంది అమ్మాయి.

"పుస్తకంలో లేదు."

"పుస్తకంలో లేదు, అందుకే తీయొద్దంటున్నాను. ఈ చివరి రాత్రుల ఫోటోలన్నిట్లోనూ నక్షత్రాలతో పాటే ఉంది, ఒక్కదాంట్లోనూ పక్కకు పోలేదు. దగ్గరికి వచ్చి చూడండి. సన్నగా నాలుగు ముళ్ళున్నాయి. కెమెరా లోపమైతే ముళ్ళెక్కడి నుంచి వస్తాయి? అది మన అద్దంలోంచే వచ్చింది."

ఆయన వంగి చూశారు. ముళ్ళున్నాయి. ఉండీ లేనట్టు ఉన్నాయి, కానీ ఉన్నాయి. ఒక్క క్షణం ఆగారు కూడా. ఆ క్షణంలో ఆయనకు డాక్టరు గారి మొహం కనపడింది, హాలు నవ్వు వినపడింది. అమ్మాయి మాత్రం జీవితంలో మొదటిసారి ఆయనతో గడగడా మాట్లాడుతోంది. అక్కడ నక్షత్రమేదో పేలి ఉంటుందని, అలా పేలినప్పుడు ఉన్నట్టుండి ఇలా వెలుగుతుందని చదివానని, ఎవరూ ఇంకా చూడలేదేమోనని, వెంటనే క్లబ్బుకు చెబుదామని అంటోంది. మాటల్లో పడి తెర వెలుగుకేసి బాగా వంగింది. మచ్చ ఉన్న చెంప తెర పక్కకు వచ్చింది.

మాస్టారు ఆ చెంపను చూశారు, ఆ చుక్కను చూశారు.

"మచ్చ కనపడితే చాలు, నీకు చుట్టం కనపడినట్టుంటుంది కాబోలు," అన్నారు.

అని, తుడిచేశారు. పక్కనున్న నలుపు తెచ్చి దాని మీద అద్దితే అయిపోయింది. అంత పనితనంతో చేశారు, అక్కడ ఏదో ఉండేదని దేవుడు కూడా కనిపెట్టలేడు. తర్వాత, ముడి ఫోటోలన్నీ చెరిపెయ్ అన్నారు. అమ్మాయి కదల్లేదు. వినపడలేదా అన్నారు. ఆయన కుర్చీ వెనక నిలబడి చూస్తుండగా అమ్మాయి ఏడాది ఫోటోలన్నిటినీ ఎంచి, మీట నొక్కింది. నిజంగా చెరపాలా అని కంప్యూటరు ఒకసారి అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట అడిగింది అదొక్కటే. చెరపమని చెప్పి, లేచి, చల్లారిన టీ కప్పు కడగడానికి తీసుకెళ్ళింది.

ప్రదర్శన సాయంత్రం. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఫ్రేము బరువుగా ఉంది కాబట్టి అమ్మాయి సాయం వచ్చింది. హాలు గుమ్మం దాకా వచ్చాక, సంచులు చూసుకుంటూ ఇక్కడ కూర్చో, లోపల పెద్దవాళ్ళుంటారు అని ఆయన ఒక్కరే లోపలికి వెళ్ళారు. అమ్మాయి చెప్పులు విడిచే చోట బల్ల మీద కూర్చుంది.

లోపల మాస్టారి ఫోటో ముందు జనం ఆగుతున్నారు. ఆగి, కదలడం లేదు. నిజం చెప్పాలి, చాలా బాగుంది ఆ ఫోటో. పాత అద్దం, గీతల అద్దం, అయినా చక్రం రెక్కలు రెండూ నురగలా విచ్చుకున్నాయి. డాక్టరు గారు వచ్చి చూసి, తల పంకించి, ఒప్పుకుంటున్నాను మాస్టారూ, వెతికినా ఒక్క మచ్చ లేదు అన్నారు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఆయన పేరు రాసిన చీటీ ఫోటో కింద అంటించి ఉంది. ఇద్దరు ముగ్గురు దాన్ని పైకి చదివారు కూడా.

ఆ సంతోషం ఒక టీ తాగినంతసేపు ఉంది. వెనక వరసలో ఎవరో ఫోన్ చూసుకుంటూ గట్టిగా చెప్పారు, ఆ గెలాక్సీలోనే నక్షత్రమొకటి పేలిందని నిన్న ఎక్కడో దూరదేశంలో ఎవరో ప్రకటించారట. డాక్టరు గారు తన ఫోన్ తీశారు. వార్త ఉంది, ఫోటో ఉంది, చుక్క ఉన్న చోటికి బాణం గుర్తు కూడా ఉంది. రెక్క చివర. మాస్టారి ఫోటో కింద చీటీలో తీసిన తేదీలు ఉన్నాయి, అందులో చివరి రాత్రి నిన్నటికి ముందుది. డాక్టరు గారు జేబులోంచి భూతద్దం తీసి, ఫోటో మీద ఆ చోట పెట్టి చూశారు. నల్లగా, నున్నగా ఉంది.

"ఎక్కడో ఉన్నవాడి అద్దంలో పడింది గానీ, మీ అద్దంలోకి రావడానికి దానికి సిగ్గేసినట్టుంది మాస్టారూ."

మళ్ళీ అదే నవ్వు. ఈసారి మాస్టారు నవ్వలేదు. ఆ చుక్క నాకు పడింది, నేనే తీసేశాను అన్నారు. నవ్వు ఇంకా పెరిగింది. చేతికి అందకపోతే ద్రాక్ష పులుపన్నట్టుంది అని ఎవరో అన్నారు. ముడి ఫోటోలు చూపించమన్నారు డాక్టరు గారు. చెరిపేశానన్నారు మాస్టారు. ఎందుకు చెరిపారంటే, మా దగ్గర అది అలవాటు అన్నారు. ఆ జవాబు ఆయన చెవికే ఎలా వినపడిందో మొహం చూస్తే తెలుస్తోంది.

డాక్టరు గారు నవ్వు ఆపి, ఎందుకో కాస్త మెత్తబడ్డారు. ఇదేమీ ఆషామాషీ సంగతి కాదన్నారు. ఆ చుక్కను ముందు చూసింది మన ఊరు అయితే, చూసిన సాక్షి ఇంకొకరు ఉంటే, క్లబ్బు తరఫున తనే ఆ ప్రకటించినవాళ్ళకు రాస్తానన్నారు. వాళ్ళు ఒప్పుకున్నా మానినా, ఈ హాలు గోడ మీద మాత్రం మీ పేరు రాయించే పూచీ నాది అన్నారు. గోడ మీద పేరు.

"మా అమ్మాయి చూసింది," అన్నారు. "ముందు చూసింది తనే. బయటే ఉంది."

ఆయనే గబగబా గుమ్మం దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని కూతుర్ని లోపలికి తీసుకొచ్చారు. పుట్టాక ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని నలుగురిలోకి నడిపించడం అదే మొదలు. హాల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. జనం ఆవిడ మొహం చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూశారు. డాక్టరు గారు తడబడి, ఈ అమ్మాయి మీ అమ్మాయా, స్టూడియో బోర్డు మీద ఉన్న అమ్మాయి కాదే అన్నారు.

"మా అమ్మాయేనండీ," అన్నారు మాస్టారు. "బోర్డు మీద ఉన్నదీ తనే. పుట్టుమచ్చ ఇది, పుట్టినప్పటి నుంచీ ఉంది. ఫోటోలో నేనే దిద్దాను."

పరీక్షల గదిలో ఆ గోడకు ఆనుకుని నిలబడిన పిల్ల విందామనుకున్న మాట అది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఇన్నేళ్ళకు ఆయన నోటి నుంచి వచ్చింది, అదీ ఆయనకు కావలసిన చుక్క కోసం వచ్చింది. అమ్మాయి ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందని కొందరన్నారు, జాలి ఉందని కొందరన్నారు. నేనైతే అలసట అంటాను.

డాక్టరు గారు మెల్లగా అడిగారు. అమ్మా, ఈ చోట నువ్వు చుక్క చూశావా? అది ఎలా ఉందో చెప్పు చాలు.

ఆవిడకు అది ఎలా ఉందో తెలుసు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనపడుతుంది, సన్నగా నాలుగు ముళ్ళతో. లోకంలో దాన్ని అందరికన్నా ముందు చూసిన మనిషి తనే అయి ఉండొచ్చు. ఒక్క మాట చెబితే ఆ గౌరవంలో సగం ఆవిడది. ఆ సంగతీ ఆవిడకు తెలుసు. ఫోటో దగ్గరికి వెళ్ళి, నల్లటి ఆ చోటును కాసేపు చూసింది.

"ఫోటోలో ఏముందో అదే ఉందండీ," అంది. "ఫోటోలో లేనిదేదీ లేదు."

ఎవరో దగ్గారు. డాక్టరు గారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. అబద్ధమాడినవాడి కేసి ఎలా చూడాలో జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాట తను ఎక్కడ అన్నారో మాస్టారికి వెంటనే గుర్తొచ్చింది. ప్రదర్శన అయ్యేదాకా ఆయన దగ్గరికి మళ్ళీ ఎవరూ రాలేదు. దీపాలు ఆర్పే ముందు కాపలామనిషి వచ్చి, మీ ఫ్రేము మీరు పట్టుకెళ్ళండి అన్నాడు. పేరు రాసిన చీటీ అంచు అప్పటికే ఊడి వేలాడుతోంది.

తిరుగు బస్సులో జనం లేరు. తండ్రీ కూతుళ్ళు ఒకే సీటులో, మధ్యలో గెలాక్సీని నిలబెట్టుకుని కూర్చున్నారు. సగం దారి దాటాక మాస్టారు, ముసలి గొంతుతో, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగారు.

"నువ్వు చూశావుగా అమ్మా?"

"చూశాను," అంది అమ్మాయి. "మీరూ చూశారుగా నాన్నా, ఆ రోజు."

ఏ రోజని ఆయన అడగలేదు. బస్సు గతుకుల్లో పడి కుదిపినప్పుడల్లా ఫ్రేము ఆయన మోకాలికి గట్టిగా తగులుతోంది. ఇల్లు వచ్చేదాకా అది కింద పడకుండా అమ్మాయే పట్టుకుంది.